పడవ పనుల లెక్కకి స్ప్రెడ్‌షీట్, వాటర్‌ప్రూఫ్ నోట్‌బుక్: రెండేళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. పడవ మెయింటెనెన్స్ పనుల లెక్క పెట్టుకోవడానికి ఒక యాప్ వాడి చూశాను, కార్డులు అటూ ఇటూ జరిపే ఆన్‌లైన్ బోర్డు వాడి చూశాను, గోడకి క్యాలెండర్ తగిలించి కూడా చూశాను. చివరికి నిలిచినవి రెండే: ఒక మామూలు స్ప్రెడ్‌షీట్, ఇంజిన్ పక్కన తాడుకి వేలాడే ఒక వాటర్‌ప్రూఫ్ నోట్‌బుక్. రెండూ కలిపి వాడితే ఐదుకి నాలుగున్నర ఇస్తాను. విడివిడిగా అయితే ఒక్కోదానికి మూడు కూడా ఇవ్వను, ఎందుకంటే షీటు ఒక్కటే ఉంటే అందులో రాయడం మానేస్తాం, నోట్‌బుక్ ఒక్కటే ఉంటే రాసింది మళ్లీ దొరకదు.

మాది తొమ్మిది మీటర్ల తెరచాప పడవ, లోపల రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజిన్. నేనూ మా బావా కలిసి కొనుక్కున్నాం, పనులు కూడా కలిసే చేసుకుంటాం. తిరకాసంతా ఆ కలిసి చేసుకోవడంలోనే ఉంది. ఒకరోజు పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేసి, అలవాటుగా పడవ వెనక్కి వంగి చూస్తే ఇంజిన్‌ని చల్లబరిచి ఎగ్జాస్ట్‌లోంచి పడాల్సిన నీళ్లు పడట్లేదు, ఆవిరి మాత్రం వస్తోంది. వెంటనే ఆపేశాం. నీటి పంపు మూత విప్పితే, నీళ్లని తోసే చక్రం, అంటే ఇంపెల్లర్‌కి, ఉండాల్సిన ఆరు రబ్బరు రెక్కల్లో రెండు లేవు.

"బావా, దీన్ని కిందటేడు నువ్వు మార్చావు కదా?" అని మా బావ నన్నడిగాడు. నేనేమో తను మార్చాడనుకుంటున్నాను. ఇద్దరి దగ్గరా చిట్టా ఉంది, ఇద్దరి చిట్టాలోనూ "ఇంపెల్లర్ మార్చాలి" అని ఉంది, మార్చామా లేదా అన్నది మాత్రం ఎవరి దగ్గరా లేదు. కొత్త ఇంపెల్లర్ వెయ్యడానికి పట్టింది ఇరవై నిమిషాలు. ఊడిపోయిన ఆ రెండు రెక్కలు వెతకడానికి పట్టింది రోజంతా. అవి నీళ్లతో పాటు కొట్టుకుపోయి, ఇంజిన్ వేడిని ఆ నీళ్లకి వదిలే హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల మూతి దగ్గర ఇరుక్కుంటాయి. వదిలేస్తే కొత్త ఇంపెల్లర్ వేసినా నీళ్లు సరిగా పారవు, ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది. ఒక ముక్క పైపు వంపులో దొరికింది, రెండోది ఎక్స్‌ఛేంజర్ చివరి మూత విప్పితే గానీ దొరకలేదు. రెండు ముక్కల్నీ పాత ఇంపెల్లర్ పక్కన పెట్టి, సరిగ్గా అతుకుతున్నాయో లేదో చూసుకున్నాకే మూత బిగించాం.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది: మన చిట్టాలన్నీ చేయాల్సిన పనుల గురించే ఉంటాయి, కానీ పడవకి అసలు కావాల్సింది చేసిన పనుల లెక్క. ఏ తేదీన, ఇంజిన్ నడిచిన గంటలు చూపే మీటర్ ఎంత ఉన్నప్పుడు, ఎవరు, ఏం చేశారు. అది సరిగ్గా ఉంటే చేయాల్సిందేమిటో దానంతట అదే తేలుతుంది. ఈ రివ్యూలో ఏది బాగుంది, ఏది బాగాలేదు అని నేను చెప్పేదంతా ఈ ఒక్క కొలబద్ద మీదే.

యాప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పడవల కోసమే తయారుచేసింది, చూడ్డానికి బాగుంది, మొదలుపెట్టిన రోజే పనుల జాబితా నింపి ఇస్తుంది. కానీ రిమైండర్లు తేదీని బట్టి వచ్చేవి, ఇంజిన్ నడిచిన గంటల్ని బట్టి కాదు. రెండు నెలలు పడవ కదలకపోయినా ఫోన్ మోగుతూనే ఉండేది, కొన్నాళ్లకి ఆ మోతని పట్టించుకోవడం మానేశాం. సిగ్నల్ లేని చోట తెరుచుకోదు. అన్నిటికన్నా పెద్ద లోపం, రాసుకున్న పాత లెక్కని బయటికి తీసుకునే దారి సరిగా లేదు. పడవ వయసు యాప్ వయసు కన్నా చాలా ఎక్కువ. రేపు పడవ అమ్మాలన్నా, పడవని పరీక్షించే సర్వేయర్‌కి చూపించాలన్నా ఆ లెక్క మన చేతిలో ఉండాలి. కార్డుల బోర్డు మాత్రం పెద్ద ప్రాజెక్టులకి నిజంగా బాగుంటుంది, కిటికీలు విప్పి మళ్లీ సీల్ చెయ్యడం లాంటి వాటికి. కాకపోతే ఆయిల్ మార్చడం అనే కార్డుని "అయిపోయింది" లోకి జరిపాక అది అక్కడే ఉండిపోతుంది, మళ్లీ ఎప్పుడు రావాలో దానికి తెలీదు.

ఇక షీటు. గూగుల్ షీట్స్, ఎక్సెల్, లిబ్రే ఆఫీస్ కాల్క్, ఏదైనా ఫర్వాలేదు, నేను చెప్పేవన్నీ మూడింట్లోనూ కుదురుతాయి. నా ఫైల్లో మళ్లీ మళ్లీ వచ్చే పనులకి ఒక ట్యాబు, కనబడిన లోపాలకి ఒకటి, ప్రాజెక్టులకి ఒకటి, స్పేర్లకి ఒకటి, గడువు తేదీలున్న సామాన్లకి ఒకటి.

మళ్లీ మళ్లీ వచ్చే పనుల ట్యాబే ప్రాణం. పైన ఒక్క గడిలో ఇప్పటి ఇంజిన్ మీటర్ రీడింగ్ ఉంటుంది, పడవ దిగేటప్పుడు మార్చాల్సింది అదొక్కటే. కింద ప్రతి వరసలో పని పేరు, ఎన్ని గంటలకోసారి, ఎన్ని నెలలకోసారి, చివరిసారి చేసిన తేదీ, అప్పటి రీడింగ్. మిగతా లెక్క షీటే చేస్తుంది. మా ఇంజిన్ మాన్యువల్ ప్రకారం ఆయిల్ 150 గంటలకి గానీ ఏడాదికి గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చాలి (మీ ఇంజిన్‌కి వేరుగా ఉండొచ్చు, మాన్యువల్ చూసే రాయండి). చివరిసారి మార్చినప్పుడు మీటర్ 1,212. ఇప్పుడు 1,318. అంటే ఇంకా 44 గంటలు ఉంది. ఈ 44 అనే అంకె కళ్ల ముందు కనబడటం ఎంత ధీమానో వాడితే గానీ తెలీదు. 25 లోపుకి వస్తే ఆ గడి పసుపు అవుతుంది, సున్నా దాటితే ఎరుపు. తేదీకి ఈడేట్ (EDATE) అనే ఫార్ములా ఉంది, చివరి తేదీకి నెలలు కలిపి గడువు చెప్తుంది. రంగుల కోసం కండిషనల్ ఫార్మాటింగ్. అంతకు మించి తెలివితేటలు అక్కర్లేదు.

గంటలు, నెలలు రెండూ ఎందుకంటే, నడవని ఇంజిన్‌లో కూడా ఆయిల్ పాడవుతుంది. డీజిల్ కాలినప్పుడు పుట్టే ఆమ్లాలు, తేమ ఆయిల్లోనే ఉండిపోయి లోపలి బేరింగుల్ని తింటూ ఉంటాయి. అందుకే పడవని కొన్ని నెలలు పక్కన పెట్టేటప్పుడు ఆయిల్ ముందే మార్చి పెట్టాలి, మళ్లీ తీసేటప్పుడు మారుద్దాంలే అనుకోకూడదు. గంటలు మాత్రమే చూసే చిట్టా ఈ విషయం చెప్పదు.

నేను కనిపెట్టుకున్న వాటిల్లో నాకు బాగా నచ్చింది "ఎప్పుడు వీలవుతుంది" అనే కాలమ్. ఇందులో ఐదే మాటలు: ఒడ్డున, నీటిలో, ఇంజిన్ వేడిగా, ఇద్దరు కావాలి, పొడి రోజు. ఇది లేనప్పుడు ఏం జరిగిందంటే, పడవని ఒడ్డెక్కించి, అడుగు గీకి, నాచు, గుల్లలు పట్టకుండా యాంటీఫౌలింగ్ పెయింట్ రెండు కోట్లు వేసి, సంబరంగా మళ్లీ నీళ్లలోకి దించిన మర్నాడు గుర్తొచ్చింది, సింక్ కింద, పడవ అడుగు చిల్లుని మూసే సీకాక్ వాల్వు బిగుసుకుపోయి ఉందని. దాన్ని విప్పి సానబట్టి గ్రీజు పెట్టాలంటే పడవ ఒడ్డున ఉండాల్సిందే, లేదంటే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. మళ్లీ ఒడ్డెక్కించేదాకా ఆ వాల్వు భయంతోనే తిరిగాం, సరిపోయే చెక్క బిరడా ఒకటి దాని పక్కనే కట్టుకుని. ఇప్పుడు ఒడ్డెక్కించే ముందు ఫిల్టర్‌లో "ఒడ్డున" అని పెడితే చాలు, తుప్పుకి బలిపెట్టే ఆనోడ్లు, ప్రొపెల్లర్, షాఫ్ట్ బేరింగ్ ఎంత వదులైంది, చుక్కాని ఎంత ఊగుతోంది, సీకాకులు, అన్నీ ఒకే చోటికి వస్తాయి. "ఇంజిన్ వేడిగా" అంటే ఆయిల్ పని, వేడి మీద పల్చబడి మురికితో సహా బయటికి వస్తుంది కాబట్టి ఎలాగూ ఇంజిన్ నడిపి తిరిగొచ్చిన సాయంత్రమే పెట్టుకుంటాం. "ఇద్దరు కావాలి" అంటే ముఖ్యంగా తెరచాప స్తంభం ఎక్కే పనులు.

ఇంకో కాలమ్ "కొలత". మొదట్లో ఇది దండగ అనుకున్నాను, ఇప్పుడు ఇది లేని చిట్టా నాకు చిట్టాలాగే అనిపించదు. "బ్యాటరీ చూశాం, బాగానే ఉంది" అని రాస్తే ఏం తెలుస్తుంది? కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.7 వోల్టులు అని రాస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉందని అర్థం, 12.2 అని రాస్తే సగానికి వచ్చిందని. వరసగా ఆరు అంకెలు కింద కింద కనబడితే బ్యాటరీ ముసలిదవుతోందో లేదో వేరే చెప్పక్కర్లేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పడవలోంచి బయటికి వెళ్లేచోట నీళ్లని ఆపే స్టఫింగ్ బాక్స్ కూడా అంతే. మా పాత రకం దాంట్లో ప్యాకింగ్ చల్లగా ఉండటానికి షాఫ్ట్ తిరిగేటప్పుడు కొన్ని చుక్కలు కారాలి. నిమిషానికి ఎన్ని అన్నది వాచీ పట్టుకుని లెక్కపెట్టి రాస్తాం. మూడు, మూడు, నాలుగు, తర్వాత తొమ్మిది. ఆ తొమ్మిది చూడగానే నట్టు కొంచెం బిగించాం. "కారుతోంది, మామూలే" అని రాసుకుని ఉంటే ఆ మార్పు మా కంట పడేది కాదు.

జింక్ ఆనోడ్ల విషయంలో కొలత మరీ ముఖ్యం. వాటి పనే మిగతా లోహాల బదులు తాము కరిగిపోవడం, సుమారు సగం అరిగితే మార్చేస్తాం. (ఉప్పు నీళ్లకి జింక్, మంచి నీళ్లకి మెగ్నీషియం. దాని మీద పెయింట్ మాత్రం ఎప్పుడూ వెయ్యకూడదు, వేస్తే అది పని చెయ్యదు.) సగం అరగడానికి ఎన్ని నెలలు పట్టిందో ప్రతిసారీ రాస్తే, ఒకసారి ఉన్నట్టుండి సగం కాలంలోనే అరిగిపోయిందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందనే అనుమానం వెంటనే వస్తుంది. మాకు వచ్చింది. వెతికితే బిల్జ్‌లో, అంటే పడవ అడుగున నీళ్లు చేరే చోట, తడుస్తున్న ఒక వైరు జాయింట్ దొరికింది. మామూలుగా "ఆనోడ్ మార్చాం" అని టిక్ పెట్టుకుపోయే చిట్టా అయితే, ఆ కరెంటు తర్వాత ప్రొపెల్లర్‌ని తినేది.

స్పేర్ల ట్యాబులో పార్ట్ నంబరు, ఎన్ని ఉన్నాయి, ఏ సీటు కింద ఏ డబ్బాలో ఉన్నాయి, అంతే. మేము వాడే రాకార్ డీజిల్ ఫిల్టర్లకి రంగు చూసి పోల్చుకోవచ్చు, గోధుమ రంగు 2 మైక్రాన్, నీలం 10, ఎరుపు 30, అయినా నంబరే రాస్తాం. ఒక స్పేరు వాడితే ఆ రోజే అంకె తగ్గించాలి. ఇంపెల్లర్ ఒకటి కన్నా తక్కువ ఉంటే గడి ఎర్రబడుతుంది.

గడువు సామాన్ల ట్యాబ్ చిన్నదే అయినా నేను దానికే ఎక్కువ భయపడతాను. పొగ సిగ్నళ్లు, ఫ్లేర్లు, మంటలార్పే సిలిండర్, గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్ల గ్యాస్ సిలిండర్లు, ఎపర్బ్ (ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం) బ్యాటరీ, లైఫ్ రాఫ్ట్‌ని విడుదల చేసే హైడ్రోస్టాటిక్ యూనిట్ (మామూలుగా రెండేళ్లకి మార్చాలి). వీటిల్లో ఏదీ పాడైనట్టు పైకి కనబడదు. వస్తువు మీద అచ్చయిన తేదీనే రాయాలి, కొన్న తేదీ కాదు. మూడు నెలల ముందే పసుపు వచ్చేలా పెట్టుకున్నాను.

ఇప్పుడు నోట్‌బుక్ గురించి. ఇది ఎందుకు కావాలంటే, చేతులకి గ్రీజు, డీజిల్, నడుము సగం ఇంజిన్ గదిలో, అప్పుడు ఫోన్ తియ్యలేం. తీసినా తడి వేళ్లకి స్క్రీన్ పలకదు. తడిసినా చిరగని పూత ఉన్న కాగితం, పెన్సిలు. బాల్ పెన్ను తడి కాగితం మీద సతాయిస్తుంది, పెన్సిలుకి ఆ గొడవ లేదు. నోట్‌బుక్‌కి చిల్లు పెట్టి తాడు, తాడుకే పెన్సిలు. స్పైరల్ బైండింగ్ తీసుకోండి, ఒంటి చేత్తో పేజీ తిప్పొచ్చు, కానీ ఆ తీగ కొన్ని నెలల్లోనే తుప్పు పట్టింది, ప్లాస్టిక్ తీగ ఉన్నది దొరికితే మేలు. ఒక్కో పనికి ఒక్కో లైను: తేదీ, మీటర్, ఏం చేశాం, కొలత, ఎవరు. సాయంత్రం చేతులు కడుక్కుని క్యాబిన్‌లో కూర్చున్నాక ఒకరు చదువుతుంటే ఒకరు షీటులోకి ఎక్కిస్తాం, ఎక్కించిన లైను పక్కన చిన్న గీత. నోట్‌బుక్‌లో లైను లేకుండా షీటులో తేదీ మార్చకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఇంపెల్లర్ సంగతి మళ్లీ రాకుండా చేసింది ఈ ఒప్పందమే.

షీటుతో ఇబ్బందులు లేవని కాదు. ఫోన్‌లో అన్ని కాలమ్‌లు కనబడవు, పని పేరు ఉన్న కాలమ్‌ని కదలకుండా ఫ్రీజ్ చెయ్యకపోతే ఏ వరసలో ఉన్నామో తెలీదు. సిగ్నల్ లేని చోటికి వెళ్లే ముందే ఫైలుని ఆఫ్‌లైన్‌లో ఉంచమని ఫోన్‌కి చెప్పుకోవాలి, అక్కడికెళ్లాక గుర్తొస్తే లాభం లేదు. దానంతట అది గుర్తు చెయ్యదు కాబట్టి ప్రాణానికి సంబంధించిన నాలుగైదు గడువులు ఫోన్ క్యాలెండర్లో విడిగా పెట్టాను. ఇక బాగా టెన్షన్ పెట్టింది ఒకసారి నేను తేదీల కాలమ్ ఒక్కదాన్నే ఎంచుకుని సార్ట్ కొట్టడం. తేదీలన్నీ వేరే పనుల పక్కకి వెళ్లిపోయాయి. కిందటి నెలే పెట్టిన కొత్త లైఫ్ జాకెట్ సిలిండర్ పక్కన రెండేళ్ల నాటి తేదీ కనబడి అనుమానమొచ్చింది. పాత వెర్షన్లు దాచి ఉంచే సదుపాయం వల్ల ముందు రోజు ఫైలు తిరిగొచ్చింది. అది లేకపోయినా నోట్‌బుక్ ఉంది. అప్పట్నుంచి సార్ట్ ముట్టుకోను, ఫిల్టర్ ఒక్కటే.

ఇంకో సమస్య, లోపాల చిట్టా పెరిగే తీరు. పడవలో ఒక గంట టార్చి పట్టుకుని తిరిగితే ముప్పై లోపాలు రాయొచ్చు, అంత పొడుగు చిట్టా చూస్తే చెయ్యబుద్ధి కాదు. అందుకని ప్రతి లోపానికీ ఒక మాట తగిలిస్తాం: మునిగేది, ఆగేది, అందం. వదిలేస్తే పడవ మునగడమో మనిషికి దెబ్బ తగలడమో జరిగేవి మొదటి కోవ: సీకాకులు, హోస్ పైపుల క్లిప్పులు, బిల్జ్ పంపు, గ్యాస్ లైను, స్తంభాన్ని పట్టుకున్న తీగలు. ప్రయాణం ఆపేవి రెండో కోవ. మొదటి కోవలో ఒక్క ఎరుపు వరస ఉన్నా మూడో కోవ పని ముట్టుకోము. వార్నిష్ అంటే ప్రాణం పెట్టే మా బావకి ఇది మొదట్లో మింగుడు పడలేదు. "బావా, అంచు దగ్గర వార్నిష్ లేస్తే నీరు కిందకి దిగి కొయ్య నల్లబడుతుంది, అది అందం ఎలా అవుతుంది?" అన్నాడు. తను చెప్పింది నిజమే. అందుకే లేచిపోయిన వార్నిష్‌ని రెండో కోవలోకి మార్చాం, మెరుపు తగ్గిన వార్నిష్ మూడో దాంట్లోనే ఉంది.

ప్రాజెక్టుల ట్యాబు గురించి ఒక్క సలహా. "వైరింగ్ మార్చాలి" అని రాస్తే అది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, మాకు ఉంది. దాన్ని "బిల్జ్ పంపు వైరు ఫ్యూజు దగ్గర్నుంచి ఫ్లోట్ స్విచ్ దాకా టేపుతో కొలవాలి" (నీరు పెరిగితే పంపుని ఆన్ చేసే స్విచ్ అది) అని మార్చాక ఆ మధ్యాహ్నమే మొదలైంది. ఒక్కసారి కూర్చుంటే, పడవలో ఉన్న సామాన్లతో అయ్యే మొదటి అడుగు మాత్రమే రాయాలి, అది అయ్యాకే రెండోది.

చిన్న పడవకి వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజిన్ ఒక్కటే ఉంటే షీటు అక్కర్లేదు, నోట్‌బుక్ చాలు, చివరి పేజీలో పది పనులు, పక్కన తేదీలు. నాలుగైదు పడవలుండి, పనివాళ్లు మారుతూ ఉండేవాళ్లకి మాత్రం డబ్బు పెట్టి మంచి యాప్ తీసుకోవడమే సరైనది, కాకపోతే గంటల లెక్క చూస్తుందో లేదో, మొత్తం లెక్కని మామూలు ఫైలుగా బయటికి ఇస్తుందో లేదో కొనేముందే చూసుకోండి. ఒకే పడవ, ఇద్దరు ముగ్గురు మనుషులు, లోపల ఇంజిన్ ఉన్నవాళ్లకి నేను చెప్పిన ఈ జంటకి మించింది నాకు ఇంతవరకు కనబడలేదు.

ఈ వారం షీటులో ఎరుపు రెండు వరసలే. బిల్జ్ పంపు ఫ్లోట్ చేత్తో ఎత్తితే రెండోసారికి గానీ పంపు పలకట్లేదు, అది మునిగే కోవ. చుక్కాని కేబుల్‌కి గ్రీజు, అది ఆగే కోవ. కొత్త ఫ్లోట్ స్విచ్ ఎడమ సీటు కింద రెండో డబ్బాలో ఒకటి ఉందని స్పేర్ల ట్యాబు చెప్తోంది, ఆదివారం పొద్దున మొదట అదే. బావ వార్నిష్ డబ్బా కూడా తెస్తానన్నాడు.